చివరి సైకిలు చెప్పే లెక్క

పిల్లలూ, శరదృతువు వచ్చిందంటే బస్తర్‌లో సైకిలు తొక్కడానికి మంచి కాలం వచ్చినట్టే. వానలు వెనకబడతాయి. ఎండ ఇంకా మండదు. రోడ్డుకి రెండు పక్కలా వరి చేలు పచ్చదనం వదిలి పసుపు రంగుకి తిరుగుతుంటాయి. అందుకే ఊళ్ళలో జట్టుగా చేసే సైకిలు యాత్రలు ఎక్కువగా ఈ రోజుల్లోనే పెట్టుకుంటారు.

యాత్ర అనగానే మీరు అడిగే మొదటి ప్రశ్న "ఎంత దూరం?" అని. రెండోది "ముందు ఎవరు చేరతారు?" అని. ఈ పాఠంలో మనం ఆ రెండూ కాక మూడో ప్రశ్న అడుగుదాం. అందరికంటే వెనక వచ్చే సైకిలు గంటకి ఎన్ని కిలోమీటర్లు పోగలదు? ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో ఈ ఒక్క జవాబును బట్టే తేలుతుంది. చీకటి పడకముందు అందరూ ఇల్లు చేరడం కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

ఇది పందెం కాదు

దూరం తొక్కే జట్టు యాత్రలకి నూరేళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. 1897 జూన్ 12న ఇటలీలో పన్నెండు మంది రోమ్ నుంచి నేపుల్స్‌కి సైకిళ్ళ మీద బయలుదేరారు. దూరం 230 కిలోమీటర్లు. వాళ్ళు పెట్టుకున్న షరతు ఒక్కటే: వెలుతురు ఉండగానే చేరాలి. ఇలాంటి యాత్రకి 'ఆడాక్స్' అని పేరు వచ్చింది. లాటిన్ భాషలో ఆ మాటకి 'సాహసి' అని అర్థం.

1904లో ఈ పద్ధతి ఫ్రాన్స్‌కి చేరింది. అక్కడ నియమాలు రాశారు. జట్టుకి ఒక నాయకుడు ఉంటాడు. ఆయన నిర్ణయించిన వేగంతోనే అందరూ కలిసి తొక్కాలి. ఆయన్ని దాటి ఎవరూ ముందుకి పోకూడదు. 1921లో దీని నుంచి రెండో పద్ధతి విడివడింది. ఇందులో ఎవరి వేగం వారిదే. కానీ దారిలో నిర్ణయించిన చోట్ల ఆగి, చేతిలోని కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. గడువులోపల చేరాలి. ఈ యాత్రని 'బ్రెవే' అంటారు.

మన దేశంలోనూ పెద్దవాళ్ళు బ్రెవేలు తొక్కుతారు. హైదరాబాదులో కూడా జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లకి గడువు 13 గంటల 30 నిమిషాలు. 300కి 20 గంటలు. 600కి 40 గంటలు. 600ని 40తో భాగించి చూడండి. గంటకి 15 కిలోమీటర్లు వస్తుంది. తినడానికి, పడుకోవడానికి, పంక్చర్ వేసుకోవడానికి పట్టే సమయం అంతా కూడా ఈ 40 గంటల్లోనే. చివరికి ఎవరికీ ఒకటో స్థానం, రెండో స్థానం ఉండవు. గడువులోపల చేరిన అందరిదీ ఒకటే ఫలితం.

మీలో కొందరి నాన్నగారో అమ్మగారో కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో పనిచేస్తూ ఉండవచ్చు. 2021లో స్వాతంత్ర్య అమృతోత్సవాల సందర్భంగా ఆ బలగాల జవాన్లు కన్యాకుమారి, జోర్హాట్ లాంటి దూర ప్రాంతాల నుంచి జట్లుగా సైకిళ్ళ మీద బయలుదేరారు. అన్ని యాత్రలూ గాంధీ జయంతి నాడు, అక్టోబరు 2న, ఢిల్లీలో ముగిశాయి. అంత దూరాన్ని ఎవరూ ఒకేసారి తొక్కలేరు. రోజుకి ఇంత అని పంచుకుని, అందరూ అందుకోగల వేగంతో వెళ్తేనే ఆ లెక్క కుదురుతుంది.

మన దారి

ఒక ఉదాహరణ తీసుకుందాం. జగదల్‌పూర్ నుంచి ముప్పై మంది విద్యార్థులు, ఉపాధ్యాయులు చిత్రకోట్ జలపాతానికి వెళ్ళి, అదే రోజు తిరిగి రావాలనుకున్నారు అనుకోండి. రోడ్డు మీద దూరం 38 కిలోమీటర్లు. రానూ పోనూ 76.

ఈ దారి మనకి ఇంద్రావతి నదిని పరిచయం చేస్తుంది. ఇంద్రావతి ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టి, జగదల్‌పూర్ పక్కగా పారి, చిత్రకోట్ దగ్గర గుర్రపు నాడా ఆకారంలో ఉన్న రాతి అంచు మీద నుంచి సుమారు 29 మీటర్ల లోతుకి దూకుతుంది. ఆ తరువాత పడమటికి సాగి తెలంగాణ సరిహద్దులో గోదావరిలో కలుస్తుంది. అంటే చిత్రకోట్‌లో మీరు చూసిన నీరు కొన్నాళ్ళకి భద్రాచలం రేవునీ, రాజమహేంద్రవరం వంతెననీ దాటుతుంది. ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగు ఇంటి పిల్లలకి ఈ నది అప్పటికే చుట్టమన్నమాట.

వెలుతురు ఎంతసేపు?

యాత్రకి మొదటి హద్దు దూరం కాదు, వెలుతురు. జూన్ చివర జగదల్‌పూర్‌లో సూర్యుడు సాయంత్రం 6 గంటల 40 నిమిషాలకి అస్తమిస్తాడు. అక్టోబరు చివరికి వచ్చేసరికి సుమారు 5 గంటల 30 నిమిషాలకే అస్తమిస్తాడు. నాలుగు నెలల్లో సాయంత్రం డెబ్బై నిమిషాలు కరిగిపోయింది. అస్తమించాక సంధ్య వెలుగు కూడా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకి మించి నిలవదు.

బదిలీల మీద తిరిగే పిల్లలు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన దేశమంతటికీ ఒకే గడియారం. అది తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల మీద ఉన్న సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. జగదల్‌పూర్ సుమారు 82 డిగ్రీల మీద ఉంది. కాబట్టి ఇక్కడ గడియారం, సూర్యుడు దాదాపు కలిసే నడుస్తాయి. గుజరాత్‌లోని భుజ్‌లో అలా కాదు. అక్టోబరు చివర అక్కడ సూర్యాస్తమయం ఇక్కడికంటే సుమారు ముప్పావు గంట ఆలస్యం. అస్సాంలోని జోర్హాట్‌లో దాదాపు గంట ముందే అయిపోతుంది. భుజ్ నుంచి ఈ ఏడాదే వచ్చిన పిల్లవాడికి "సాయంత్రం ఆరు" అంటే ఇంకా ఎండ ఉన్న వేళ. బస్తర్‌లో ఆ వేళకి చీకటి. పాత ఊరి అలవాటుతో కొత్త ఊరి యాత్ర లెక్క వెయ్యకూడదు. వెళ్ళే ముందు రెండు మూడు సాయంత్రాలు సూర్యాస్తమయం ఎన్ని గంటలకి అవుతోందో మీరే చూసి రాసుకోండి.

సగటు వేగం చేసే మోసం

ఇప్పుడు వేగం సంగతి. ఒక విద్యార్థి ఇలా లెక్క వేశాడనుకోండి: "వెళ్ళేటప్పుడు హుషారుగా ఉంటాం, గంటకి 20 కిలోమీటర్లు పోతాం. వచ్చేటప్పుడు అలసిపోతాం, 12 పోతాం. రెండూ కలిపి సగం చేస్తే 16. 76ని 16తో భాగిస్తే 4 గంటల 45 నిమిషాలు. తొమ్మిదింటికి బయలుదేరినా మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం."

ఈ లెక్కలో మూడు తప్పులున్నాయి.

మొదటిది, సగటు తీసిన పద్ధతి. 38 కిలోమీటర్లు 20 వేగంతో పోతే 1 గంట 54 నిమిషాలు పడుతుంది. తిరిగి 12 వేగంతో వస్తే 3 గంటల 10 నిమిషాలు. మొత్తం 5 గంటల 4 నిమిషాలు. 76ని దీనితో భాగిస్తే సగటు 16 రాదు, 15 వస్తుంది. నెమ్మదిగా పోయే వేగంతో మనం ఎక్కువసేపు గడుపుతాం. కాబట్టి సగటు ఎప్పుడూ నెమ్మది వేగం వైపే ఒరుగుతుంది.

రెండోది, అతను ఆగే సమయాన్ని కలపలేదు.

మూడోది పెద్ద తప్పు. ఆ 20 అతని సొంత వేగం. ఆరో తరగతి పిల్ల తొక్కే చిన్న సైకిలు వేగం కాదు. గేర్లు లేని సైకిలు మీద, సంచీ తగిలించుకుని వచ్చేవారి వేగం కాదు. యాత్రలో ముప్పై మంది ఉన్నారు. ముప్పయ్యో మనిషి ఇల్లు చేరినప్పుడే యాత్ర ముగిసినట్టు.

అసలు లెక్క

చివరి సైకిలు వేగం గంటకి 12 కిలోమీటర్లు అనుకుందాం. యాత్రకి వారం ముందు అందరూ కలిసి పది కిలోమీటర్లు తొక్కి చూస్తే ఈ సంఖ్య దొరుకుతుంది. ఊహించి రాయకూడదు.

38 కిలోమీటర్లకి తొక్కే సమయం 3 గంటల 10 నిమిషాలు. పదేసి కిలోమీటర్లకి ఒకసారి, పది నిమిషాల చొప్పున, మూడు చోట్ల ఆగుదాం. అది అరగంట. మొత్తం ఒక వైపుకి 3 గంటల 40 నిమిషాలు.

ఉదయం 6:30కి బయలుదేరితే 10:10కి చిత్రకోట్ చేరతారు. 12 గంటల దాకా జలపాతం చూసి, భోజనం చేస్తారు. 12కి బయలుదేరితే మధ్యాహ్నం 3:40కి జగదల్‌పూర్ వస్తారు. సూర్యాస్తమయానికి ఇంకా 1 గంట 50 నిమిషాలు మిగిలి ఉంటుంది. పంక్చర్లు పడినా, ఎవరికైనా కాలు పట్టేసినా, చిన్న వాన కురిసినా ఈ మిగులులోంచే ఖర్చు పెట్టుకోవాలి.

అదే జట్టు 9 గంటలకి బయలుదేరితే? 12:40కి చేరతారు. అక్కడ అంతే సేపు గడిపితే 2:30 అవుతుంది. ఇల్లు చేరేసరికి 6:10. సూర్యుడు అస్తమించి 40 నిమిషాలు. ఒక్క పంక్చర్ కూడా పడకపోతేనే ఈ లెక్క. చివరి గంట ప్రయాణం లారీలు తిరిగే రోడ్డు మీద, అలసిన కాళ్ళతో, మసక చీకట్లో. ఉదయం పోగొట్టుకున్న రెండున్నర గంటల్ని సాయంత్రం ఎంత బలంగా తొక్కినా తిరిగి తెచ్చుకోలేం.

అందుకే బయలుదేరే ముందే తిరుగు గడువు ఒకటి రాసి పెట్టుకోవాలి. ఇంటికి 4:30కల్లా చేరాలనుకుంటే, 3 గంటల 40 నిమిషాలు వెనక్కి లెక్కపెట్టండి. 12:50 వస్తుంది. 12:50కి జట్టు ఎక్కడ ఉన్నా సైకిళ్ళు వెనక్కి తిప్పాలి. జలపాతం ఇంకా రెండు కిలోమీటర్లే ఉన్నా సరే. "ఇంత దూరం వచ్చి..." అనే మాట అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందుకే ఈ నిర్ణయం ముందు రోజే, ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసుకోవాలి.

వరసలో ఎవరెక్కడ?

ముప్పై సైకిళ్ళు ఒకే వరసలో పోతే వెనక వచ్చే బస్సుకి దాటే చోటు దొరకదు. పదేసి మంది చొప్పున మూడు చిన్న జట్లు చేసి, మధ్యలో ఖాళీ వదలండి. రోడ్డుకి ఎడమ పక్కన, ఒకరి వెనక ఒకరు పోవాలి. ముందు సైకిలుకీ మీకూ మధ్య కనీసం రెండు సైకిళ్ళ దూరం ఉండాలి. పల్లం దిగేటప్పుడు ఇంకా ఎక్కువ.

అందరికంటే బలమైనవారిని ముందు పెడతారని చాలామంది అనుకుంటారు. అనుభవం ఉన్న జట్లు అలా చెయ్యవు. దారి తెలిసిన, నిదానం ఉన్న ఒకరు ముందు ఉంటారు. నెమ్మదిగా తొక్కేవారు ఆయన వెనకే ఉంటారు. దీనివల్ల రెండు లాభాలు. వాళ్ళ వేగమే జట్టు వేగం అవుతుంది. ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతాడు కాబట్టి వాళ్ళకి శ్రమ కూడా తగ్గుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుందని సైన్సు పాఠంలో చదివేవారు గుర్తు చేసుకోండి.

బలమైనవారు, పంక్చర్ వెయ్యడం వచ్చినవారు, అందరికంటే చివర ఉంటారు. వారి దగ్గర గాలిపంపు, ట్యూబు, మందుల పెట్టె ఉంటాయి. వారిని దాటి వెనక ఎవరూ ఉండకూడదు. చివరి సైకిలు కనిపిస్తోందంటే అందరూ వచ్చేసినట్టే.

జట్టులో వెనక ఉన్నవారే ఎందుకు ఎక్కువ అలసిపోతారో తెలుసా? పది సైకిళ్ళు ఆరేసి మీటర్ల దూరంలో పోతున్నాయనుకోండి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 54 మీటర్లు ఉంటుంది. మొదటి సైకిలు స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించి, దాటగానే వేగం పెంచింది. చివరి సైకిలు అప్పటికి ఇంకా స్పీడ్ బ్రేకర్ దగ్గరికి రాలేదు. అది దాటేసరికి ముందు ఖాళీ పెరిగిపోతుంది. అందుకోవడానికి చివరివారు ఉరుకులు పెట్టాలి. ఇలా పదిసార్లు జరిగితే ముందున్నవారికి తెలియకుండానే వెనకవారి బలం అయిపోతుంది. మందు ఏమిటంటే, చివరి సైకిలు దాటేదాకా ముందున్నవారు వేగం పెంచకూడదు.

విశ్రాంతి ఎప్పుడు మొదలవుతుంది?

పది కిలోమీటర్ల రాయి దగ్గర పది నిమిషాలు ఆగాలి అనుకున్నారు. గంటకి 20 పోయేవారు అరగంటలో అక్కడికి చేరతారు. 12 పోయేవారికి 50 నిమిషాలు పడుతుంది. ముందు వచ్చినవారు ఇరవై నిమిషాలు చెట్టు నీడన కూర్చుని, కబుర్లు చెప్పుకుని, చివరివారు రాగానే "పదండి, పదండి" అని లేస్తారు. అంటే విశ్రాంతి అవసరం లేనివారికి ఇరవై నిమిషాలు దొరికింది. అవసరం ఉన్నవారికి ఒక్క నిమిషం కూడా దొరకలేదు.

దీనికి నియమం ఒక్కటే. చివరి సైకిలు దిగినవారి కాలు నేల మీద ఆనినప్పుడే గడియారం చూడాలి. ఆ క్షణం నుంచి పది నిమిషాలు. ముందే వచ్చినవారు ఈలోపు నీళ్ళ సీసాలు నింపడం, టైర్లు చూడడం లాంటి పనులు చూసుకోవచ్చు.

కొత్త బడికి వచ్చిన మొదటి నెలలో మీరు ఎలా ఉన్నారో గుర్తుందా? అందరికీ తెలిసిన దారి మీకు తెలియదు. అందరూ నవ్వే హాస్యం మీకు అర్థం కాదు. అప్పుడు మీ కోసం ఒకరు ఆగి ఉంటే ఎలా ఉండేదో మీకు వేరే చెప్పనక్కరలేదు. సైకిలు జట్టులో ఆ ఆగడానికి గడియారం, నియమం ఉంటాయి. అంతే తేడా.

బస్తర్‌కి ఈ సంగతి కొత్త కాదు. ఇక్కడి దసరా 75 రోజుల పండుగ. దంతేశ్వరి అమ్మవారి పేర జగదల్‌పూర్ వీధుల్లో ఎనిమిది చక్రాల పెద్ద కొయ్య రథాన్ని వందలమంది తాళ్ళు పట్టి లాగుతారు. కొందరు తొందరపడి లాగితే ఆ రథం ముందుకి పోదు, పక్కకి పోతుంది. అందరి అడుగూ ఒకేసారి పడినప్పుడే చక్రం కదులుతుంది.

బయలుదేరే ముందు

సైకిలు: బదిలీ సామానుతో లారీలో వచ్చిన సైకిలుని అలాగే తీసుకుపోకండి. హ్యాండిల్ వంకర పోతుంది, బ్రేకు తీగలు వదులవుతాయి, చైను తుప్పు పడుతుంది. పైగా ఈ ఏడాదిలో మీరు పొడవు పెరిగి ఉంటారు. సీటు మీద కూర్చుని పెడల్ కిందికి తొక్కినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. ఎక్కువ వంగితే సీటు పైకెత్తించండి. సీటు సరిగా లేకపోతే ఇరవై కిలోమీటర్లకే మోకాళ్ళు నొప్పి పెడతాయి.

ఒంటి మీద: హెల్మెట్, ముదురు కాని రంగు చొక్కా, బూట్లు. చున్నీ, వదులు ప్యాంటు అంచు చైనులో పడకుండా కట్టుకోవాలి.

తిండి, నీళ్ళు: ఖాళీ కడుపుతో బయలుదేరకూడదు. గంటకి అర లీటరు నీళ్ళు లెక్క పెట్టుకోండి. అరటిపండ్లు, పల్లీ పట్టీ, అటుకులు, పులిహోర దారిలో బాగా పనికొస్తాయి. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెం తాగుతుండాలి.

మాటలు: మన బడి జట్టులో తెలుగు, ఒడియా, మలయాళం, హిందీ, హల్బీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఉంటారు. "గుంత" అని మీరు అరిస్తే ముందున్నవారికి తెలియకపోవచ్చు. గుంత, ఆగు, వెనక బండి, పంక్చర్ అనే నాలుగింటికి ఏ మాట వాడాలో, ఏ చేతి సైగ చెయ్యాలో ముందు రోజే అందరూ ఒప్పుకోండి. ముందు నుంచి వచ్చిన మాటని ప్రతి ఒక్కరూ వెనక్కి అందించాలి.

రోడ్డు: ఉదయం మంచుకి తారు రోడ్డు జారుతుంది. కోతల రోజుల్లో రోడ్డు అంచున ధాన్యం ఆరబోసి ఉంటే దాని మీద తొక్కకండి. చక్రం జారుతుంది, పైగా అది ఒకరి ఏడాది కష్టం. సంత జరిగే రోజున ఆ ఊళ్ళో దిగి నడిపించుకుంటూ పోవడం మంచిది.

వాతావరణం: శరత్తులో బంగాళాఖాతంలో తుఫానులు పుడతాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను వానలు ఛత్తీస్‌గఢ్ దాకా వచ్చాయి. ముందు రోజు వాతావరణ సూచన చూసి, హెచ్చరిక ఉంటే యాత్ర వాయిదా వెయ్యాలి.

అనుమతి: పిల్లలు సొంతంగా ఇలాంటి యాత్ర చెయ్యకూడదు. తల్లిదండ్రుల సంతకం, బడి అనుమతి, పోలీసులకి సమాచారం, వెనక ఒక వాహనం తప్పనిసరి. జలపాతం దగ్గర వర్షాల తరువాత రాళ్ళు నాచు పట్టి ఉంటాయి. అంచుకి వెళ్ళకూడదు.

చేసి చూడండి

1. జగదల్‌పూర్ నుంచి తీరథ్‌గఢ్ జలపాతం సుమారు 35 కిలోమీటర్లు. చివరి సైకిలు వేగం గంటకి 10 కిలోమీటర్లు. ఒక వైపుకి మూడుసార్లు పదేసి నిమిషాలు ఆగాలి. ఉదయం 6:30కి బయలుదేరితే ఎన్ని గంటలకి చేరతారు? సాయంత్రం 4:30కి ఇల్లు చేరాలంటే తిరుగు గడువు ఎంత? అక్కడ గడపడానికి ఎంత సమయం మిగులుతుంది? ఈ యాత్ర ఒక్క రోజులో చెయ్యదగినదేనా?

2. వెళ్ళేటప్పుడు గంటకి 15, వచ్చేటప్పుడు గంటకి 10 కిలోమీటర్లు తొక్కితే సగటు వేగం ఎంత? అది 12.5 ఎందుకు కాదు?

3. మీరు ఇదివరకు ఉన్న ఊరి రేఖాంశం అట్లాసులో చూడండి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడికీ ఇక్కడి సూర్యుడికీ ఎంత తేడా ఉందో లెక్కకట్టండి.

4. మీ తరగతిలో ఈ ఏడాది కొత్తగా చేరిన వారితో కలిసి బడి మైదానం చుట్టూ అయిదు చుట్లు సైకిలు తొక్కండి. వారిని ముందు ఉంచి, వారి వేగంతోనే మీరు వెనక వెళ్ళండి. మీ కాళ్ళకి ఎలా అనిపించిందో పది వాక్యాల్లో రాయండి.